ఏఫిబ్ అబ్లేషన్ తర్వాత గుండె లయను ఇంట్లో గమనించుకోవడం ఎలా

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (ఏఫిబ్, అంటే గుండె పైగదులు అస్తవ్యస్తంగా కొట్టుకునే జబ్బు) కెథెటర్ అబ్లేషన్ (సిర గుండా సన్నని గొట్టం పంపి, గుండెలో దడ పుట్టించే చోటును కాల్చడం) చేయించుకుని ఇంటికొచ్చాక కొందరికి నాలుగో రోజో అయిదో రోజో మళ్ళీ దడ మొదలవుతుంది. ఇంత ఖర్చు పెట్టి చేయించుకున్నా ఇదేమిటని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఇంకొందరికి ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. జబ్బు పోయిందనుకుని మాత్రలు మానేస్తారు, ఈసీజీ ఊసే ఎత్తరు. రెండింటిలోనూ మోసపోయేది మనకు తెలిసే దడను నమ్ముకోవడం వల్లే. దడ వచ్చిన క్షణంలో తీసిన ఈసీజీ చేతిలో ఉంటే డాక్టర్ రెండు నిమిషాల్లో సంగతి తేలుస్తారు. అది లేకపోతే అరగంట మాట్లాడినా ఊహలే మిగులుతాయి. కాబట్టి కింద చెప్పే పనులన్నీ ఆ కాగితం కోసమే.

ముందు డిశ్చార్జి సమ్మరీ చదవండి

అబ్లేషన్ అనే మాట ఒకటే కానీ లోపల చేసే పనులు వేరు. ఏవీఎన్ఆర్‌టీ, డబ్ల్యూపీడబ్ల్యూ లాంటి వేరే దడ జబ్బులకు చేస్తే ఒక చిన్న అదనపు దారిని కాల్చేస్తారు. ఆ రోగులకు సాధారణంగా ఏళ్ళ తరబడి నిఘా అక్కర్లేదు. డబ్ల్యూపీడబ్ల్యూలో ఆ దారి తిరిగి తెరుచుకుందేమో మామూలు ఈసీజీలోనే కనబడుతుంది. ఏవీఎన్ఆర్‌టీ తర్వాత నాడి మరీ నెమ్మదించి కళ్ళు తిరుగుతుంటే మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఈ వ్యాసం ఏఫిబ్ వాళ్ళ కోసం.

సమ్మరీలో వెతకాల్సినవి ఇవి: పుపుస సిరల (ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల) చుట్టూ మాత్రమే కాల్చారా, ఎడమ కర్ణికలో (గుండె ఎడమ పైగదిలో) వేరే గీతలు కూడా గీశారా, వాడింది రేడియో ఫ్రీక్వెన్సీనా (వేడి), క్రయోనా (చలి), పల్స్‌డ్ ఫీల్డా (కరెంటు పల్సులు), ఇంటికి పంపేటప్పుడు లయ ఏమిటి, ఏ మందు ఎన్నాళ్ళు. అదనపు గీతలు ఉన్నవాళ్ళకు తర్వాత ఏట్రియల్ ఫ్లటర్ వచ్చే అవకాశం ఎక్కువ. దాని గురించి కింద విడిగా చెబుతాం.

లయ సరిగ్గా ఉన్నప్పుడు తీసిన 12-లీడ్ (గుండెను 12 కోణాల్లోంచి చూసే) ఈసీజీ కాపీ ఒకటి తప్పకుండా అడిగి తెచ్చుకోండి. రేపు ఏది వచ్చినా పోల్చి చూసేది దానితోనే. ఈసీజీ కాగితం చాలా చోట్ల థర్మల్ కాగితం. ఎండకీ వేడికీ వెలిసిపోతుంది. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది. ఇంటికి రాగానే ఫొటో తీసి, జిరాక్స్ చేయించి, ఆ జిరాక్స్‌ను ఫైల్లో పెట్టండి.

మొదటి 8 వారాలు: దడ వస్తే ఏమనుకోవాలి

ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ బృందం 1998లో చూపించిందేమిటంటే, ఏఫిబ్‌ను రాజేసే నిప్పురవ్వలు ఎక్కువగా పుపుస సిరల్లోంచి వస్తాయని. ఆ సిరలు ఎడమ కర్ణికలో కలిసే చోట చుట్టూ కాల్చి గోడ కట్టడమే నేటి అబ్లేషన్. కాల్చిన చోట వాపు ఉంటుంది, మచ్చ గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ లోపు కర్ణిక చిరాగ్గా ఉండి అదనపు బీట్లు వేస్తుంది, అప్పుడప్పుడు ఏఫిబ్‌లోకే జారుతుంది. అందుకే ఈ కాలాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇదివరకు 3 నెలలు అనేవారు. 2024లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు దాన్ని 8 వారాలకు కుదించాయి. ఈ గడువు దాటాక 30 సెకన్లకు మించి ఏఫిబ్, ఫ్లటర్, ఏట్రియల్ టాకికార్డియా (కర్ణికలోంచి పుట్టే వేగమైన లయ) ఏది నమోదైనా తిరగబెట్టినట్టే రాస్తారు.

లెక్కలోకి తీసుకోరంటే పట్టించుకోనక్కర్లేదని కాదు. ఈ కాలంలో వచ్చిన దడ ఆగకుండా ఒక రోజు దాటితే డాక్టర్‌కు ఆ రోజే ఫోన్ చేయాలి. చిన్న షాక్‌తో లయ సరిచేయాల్సి రావచ్చు.

ఇంకో మార్పుకి చాలామంది భయపడతారు. విశ్రాంతిలో 65 ఉండే నాడి అబ్లేషన్ తర్వాత 80, 85కి చేరుతుంది. సిరల మూలాల దగ్గరే గుండెను నెమ్మదింపజేసే నరాల ముడులు ఉంటాయి, కాల్పులో అవీ కొంత దెబ్బతింటాయి. నిమిషానికి 10 నుంచి 15 పెరగడం మామూలే, నెలల తరబడి ఉండొచ్చు కూడా. క్రమంగా కొట్టుకుంటూ, మెట్లెక్కితే పెరిగి కూర్చుంటే తగ్గుతూ ఉంటే దానికి మందు అక్కర్లేదు.

మొదటి వారం గజ్జ మీద కన్నేయండి

కెథెటర్లు గజ్జలోని సిర గుండా వెళ్తాయి. పైగా మీరు రక్తం పలచబడే మందు మీద ఉన్నారు. వారం పాటు 5 కిలోలకు మించి ఎత్తొద్దు. నిండు నీళ్ళ బకెట్, 20 లీటర్ల క్యాన్, గ్యాస్ సిలిండర్ ఏదీ ముట్టుకోవద్దు. గొంతుక్కూర్చునే టాయిలెట్ బదులు కమోడ్ కుర్చీ వాడండి. బండి కిక్ కొట్టొద్దు.

ఉసిరికాయంత మెత్తని గడ్డ, నీలం మచ్చ తొడ మీదికి జారడం సాధారణం. గడ్డ పెరుగుతున్నా, చేయి పెడితే లోపల కొట్టుకుంటున్నట్టున్నా, కాలు చల్లబడ్డా ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం కారితే వెల్లకిలా పడుకోబెట్టి, కుట్టు పడిన చోట శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతి మొదలుతో బలంగా 10 నిమిషాలు నొక్కాలి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టింది కాస్తా చెదిరి మళ్ళీ మొదటికొస్తుంది. ఆగకపోతే నొక్కిపట్టే 108 పిలవండి.

నాడి చూడటం

1. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. టీ తాగిన వెంటనే, మెట్లెక్కిన వెంటనే వద్దు.
2. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, దాని నాడే మీకు తగులుతుంది.
3. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం క్రమమైన నాడికే పనికొస్తుంది.
4. అంకె పక్కన మూడు మాటల్లో ఒకటి రాయండి: క్రమం, మధ్యమధ్య తప్పుతోంది, అస్తవ్యస్తం.

పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. దడ అనిపించినప్పుడు అదనంగా. ఇంతకు మించి వద్దు. గంటకోసారి వాచీ చూసుకునేవాళ్ళకు కంగారుతోనే నాడి పెరుగుతుంది, అది చూసి మళ్ళీ కంగారు.

వేలికి తగిలించే ఆక్సిమీటర్ అంకెను నమ్ముకోవద్దు. ఒక మామూలు బీటు, ఒక అదనపు బీటు వరుసగా వస్తుంటే అదనపు బీటు వేలి దాకా చేరదు. 80 కొట్టుకునే గుండెకి అది 40 చూపిస్తుంది. గుండె ఆగిపోతోందని అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళలో ఈ బాపతు కొందరుంటారు. బీపీ మిషన్ కూడా ఏఫిబ్‌లో ఒక్కోసారి ఒక్కోటి చూపిస్తుంది. మూడుసార్లు తీసి సగటు రాయండి.

పనికొచ్చే స్ట్రిప్ తీయడం

ఈసీజీ తీసే వాచీ కానీ, కార్డియా లాంటి జేబు పరికరం కానీ ఒక్క లీడ్ 30 సెకన్లు రికార్డు చేస్తుంది. ఆ గీతనే స్ట్రిప్ అంటారు. పాడైన స్ట్రిప్‌లలో ఎక్కువ భాగం పరికరం తప్పు కాదు, పట్టుకునే తీరు తప్పు.

ముంజేతులు రెండూ బల్ల మీదో ఒళ్ళోనో ఆనించండి. గాల్లో ఉంటే కండరాల వణుకు గీతలో పడుతుంది. వేళ్ళు పొడిబారి ఉంటే కొద్దిగా నీళ్ళు అద్దండి, లోషన్ ఉంటే కడిగేయండి. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే తీసేయండి, లేకపోతే గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు గీత మొత్తాన్ని రంపపు పళ్ళలా చేస్తుంది. ఏసీ చలికి వణుకుతూ తీయొద్దు. మాట్లాడొద్దు. వాచీ సెట్టింగ్స్‌లో ఏ చేతికి పెట్టుకున్నారో సరిగ్గా ఉందో లేదో చూడండి, తప్పుంటే గీత తలకిందులవుతుంది.

మణికట్టు మీద తీసిన గీతలో కర్ణిక వేసే చిన్న గుట్ట, అంటే పి తరంగం, సరిగా కనిపించకపోతే వాచీ విప్పి దాని వెనకభాగాన్ని ఎడమ మోకాలి పైన చర్మానికి ఆనించి, కుడిచేతి వేలు బటన్ మీద పెట్టి తీయండి. చాలామందిలో పి తరంగం ఇలా స్పష్టంగా పడుతుంది. అలా తీసినట్టు డాక్టర్‌కు రాసి పంపండి.

స్క్రీన్‌షాట్ కాదు, పీడీఎఫ్ పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా వెళ్తే సన్న గీతలు కరిగిపోతాయి. ఫైల్ పేరులో తేదీ, సమయం పెట్టండి. కింద ఒక్క లైను చాలు: "రాత్రి 9:40, భోంచేసిన అరగంటకి, 25 నిమిషాలు, ఆయాసం లేదు."

యాప్ వేసే ముద్రల సంగతి. "సాధ్యమైన ఏఫిబ్" అని వస్తే పూర్తిగా నమ్మేయకండి, తరచూ వచ్చే అదనపు బీట్లు కూడా దాన్ని మోసం చేస్తాయి. "తేల్చలేం" అని వస్తే పారేయకండి. నాడి మరీ వేగంగా ఉన్నా మరీ నెమ్మదిగా ఉన్నా అలాగే వస్తుంది, డాక్టర్‌కు దాంట్లోనే జవాబు దొరకొచ్చు. మీరే చూడాలంటే ఒక పద్ధతుంది: తెల్లకాగితం అంచు మీద పక్కపక్కన ఉన్న మూడు ముళ్ళ (నిటారుగా లేచే పొడవాటి మొనల) దగ్గర పెన్సిల్ గుర్తులు పెట్టి, ఆ కాగితాన్ని గీత వెంట జరపండి. గుర్తులు ప్రతిచోటా సరిపోతే లయ క్రమం. ఎక్కడా సరిపోక, ముళ్ళ ముందు చిన్న గుట్టలూ లేకపోతే అది ఏఫిబ్ అయ్యే అవకాశం ఎక్కువ. వేగం కావాలంటే 30 సెకన్లలోని ముళ్ళు లెక్కపెట్టి రెట్టింపు చేయండి.

యాప్‌కు దొరకని దొంగ: ఫ్లటర్

అబ్లేషన్ అయినవాళ్ళు అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే. కాల్చిన మచ్చల చుట్టూ కరెంటు గుండ్రంగా తిరగడం మొదలైతే ఏట్రియల్ ఫ్లటర్ లేదా టాకికార్డియా వస్తుంది. అది అస్తవ్యస్తంగా ఉండదు, గడియారంలా క్రమంగా ఉంటుంది. క్రమంగా ఉంది కాబట్టి వాచీ ఏఫిబ్ అనదు, ఒక్కోసారి "సాధారణ లయ" అనే ముద్రే వేస్తుంది.

మామూలు ఫ్లటర్‌లో కర్ణిక నిమిషానికి 300 కొట్టుకుంటే రెండింటిలో ఒకటే కిందికి దిగుతుంది, నాడి 150 దగ్గర నిలుస్తుంది. మందులు వాడేవాళ్ళలో, అబ్లేషన్ అయినవాళ్ళలో చక్రం నెమ్మదిగా తిరిగి 110, 120, 130 దగ్గర ఆగొచ్చు. పట్టుకునే తీరు ఇది: కూర్చుని నాడి చూడండి, లేచి నిలబడి చూడండి, గదిలో నాలుగడుగులు వేసి చూడండి, పది నిమిషాలు పడుకుని చూడండి. మామూలు లయ అయితే అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. ఏం చేసినా 118, 118, 119 అనే చోటే మేకు కొట్టినట్టుంటే, లేదా 120 నుంచి ఒక్కసారిగా 80కి దూకితే, ఫ్లటర్ అని అనుమానించాలి. నాడి 100 లోపే మేకులా ఉన్నా స్ట్రిప్ పంపడం మంచిదే.

అలాంటప్పుడు ఒక్క లీడ్ స్ట్రిప్ సరిపోదు, 12-లీడ్ ఈసీజీ కావాలి. కరెంటు ఏ కర్ణికలో తిరుగుతోందో ఆ 12 గీతల్లోంచే ఊహిస్తారు. దగ్గర్లో ఈసీజీ ఉన్న ఏ క్లినిక్ అయినా చాలు. అక్కడ అడగాల్సింది ఒకటే: ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఈసీజీ తీయమనండి. అడినోసిన్ ఇస్తుంటే ఇచ్చేటప్పుడు ఈసీజీ ఆగకుండా నడవాలి. ఆ కొన్ని సెకన్లలో కింది బీట్లు ఆగి కర్ణిక అలలు విడిగా కనబడతాయి. చాలా చోట్ల ముందు సూది వేసి, దడ తగ్గాక తీరిగ్గా ఈసీజీ తీస్తారు. అప్పటికి సాక్ష్యం పోయి ఉంటుంది.

హోల్టర్ రోజు

సాధారణంగా 3, 6, 12 నెలలకు ఈసీజీ, 6 నెలలకు, ఏడాదికి కనీసం 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ పెట్టె) తీస్తారు. 7 రోజులది, 14 రోజుల ప్యాచ్ దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే వారానికోసారి వచ్చే ఏఫిబ్‌ను ఒక్కరోజు పెట్టె పట్టుకోవడం అదృష్టమే.

పెట్టడానికి వెళ్ళే ముందు తలస్నానం చేసేయండి, మళ్ళీ తీసేదాకా కుదరదు. ఛాతీకి నూనె, పౌడర్ రాసుకోవద్దు. వెంట్రుకలుంటే అక్కడే గీయించండి. మగవాళ్ళు ముందు బొత్తాలున్న చొక్కా, ఆడవాళ్ళు ముందు హుక్స్ ఉన్న వదులు జాకెట్టు వేసుకుంటే తీగలు లాగవు. బిగించాక ఏ రంగు తీగ ఎక్కడుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, రెండు అదనపు ఎలక్ట్రోడ్లు, మైక్రోపోర్ టేపు అడిగి తెచ్చుకోండి. మే నెల చెమటకి ఒక్కటైనా ఊడుతుంది. పెట్టె గడియారానికీ మీ ఫోన్‌కీ తేడా ఎంతో రాసుకోండి, డైరీ ఆ సమయంతోనే రాయాలి.

ఆ రోజంతా మంచం మీద పడుకోవద్దు. ఏ పనికి దడ వస్తుందో ఆ పని చేయండి. పొలానికి వెళ్ళేవాళ్ళు పొలానికి వెళ్ళండి.

రిపోర్ట్‌లో 24 గంటల మొత్తం బీట్లు సుమారు లక్ష ఉంటాయి. అందులో 300 అదనపు బీట్లు అని చూసి హడలిపోవద్దు. చూడాల్సినవి ఏఫిబ్ మొత్తం సమయం ఎంత శాతం, అన్నిటికంటే పొడవైన ఎపిసోడ్ ఎంతసేపు, పగటిపూట పెద్ద విరామాలున్నాయా అన్నవి. 30 సెకన్ల కొలబద్ద పరిశోధనల కోసం పెట్టుకున్నది. 2019లో వెలువడిన సర్కా-డోస్ ట్రయల్‌లో అందరికీ చర్మం కింద లూప్ రికార్డర్ (లయను ఆగకుండా గమనించే చిన్న పరికరం) పెట్టి చూస్తే, ఏడాదిలో దాదాపు సగం మందికి 30 సెకన్ల పైన ఏదో ఒకటి నమోదైంది. అయినా ఏఫిబ్‌లో గడిపే సమయం మాత్రం 98 శాతానికి పైగా తగ్గింది. కాబట్టి రిపోర్ట్‌లో "రికరెన్స్" అనే మాట కనిపించగానే డబ్బులు వృథా అయ్యాయని అనుకోవద్దు, శాతం అడగండి.

మాత్రలు

రక్తం పలచబడే మందు లయ ఎంత బాగున్నా కనీసం 2 నుంచి 3 నెలలు ఆపకూడదు. కాల్చిన చోట లోపలి పొర గరుకుగా ఉంటుంది, అక్కడ గడ్డకడితే నేరుగా మెదడుకు పోవచ్చు. ఆ తర్వాత కొనసాగించాలా అన్నది వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, పాత పక్షవాతం వీటిని బట్టి తేలుస్తారు. దడ లేదు కాబట్టి ఆపేస్తామనే లెక్క ఎందుకు చెల్లదంటే, అబ్లేషన్ తర్వాత వచ్చే ఎపిసోడ్లలో తెలియకుండా వచ్చిపోయేవే ఎక్కువ. 2013లో వెలువడిన డిసర్న్ ఏఎఫ్ అధ్యయనం దీన్ని రికార్డర్లతో చూపించింది.

పలచబడే మందుల్లో అపిక్సబాన్ రోజుకు రెండుసార్లు. రివరాక్సబాన్ 20 మి.గ్రా. అయితే అన్నంతో పాటే. ఖాళీ కడుపున దాదాపు మూడో వంతు ఒంటబట్టదు. ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా ఉంటే ఏ పూట తినాలో ముందే డాక్టర్‌తో తేల్చుకోండి. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఆ రోజుది వేసుకోవచ్చు, రెండు కలిపి ఎప్పుడూ వద్దు. ఎసిట్రోమ్, వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళు గోంగూర, తోటకూర మానక్కర్లేదు. వారం వారం ఒకే పాటి తినాలి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2 నుంచి 3 మధ్య ఉండాలి. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా కొనుక్కోవద్దు, పారాసిటమాల్ చాలు. తప్పిపోయిన మోతాదులు తేదీతో రాసుకోండి. ఏఫిబ్ 24 గంటలు దాటి, మధ్యలో మాత్ర తప్పిందని తెలిస్తే షాక్ ఇచ్చే ముందు గొంతులోంచి ఎకో చేయాల్సి వస్తుంది.

లయను నిలిపే మందు అమియోడరోన్ ఆపాక కూడా వారాలు, నెలలు ఒంట్లో ఉంటుంది. మాత్ర మానిన నెలకి తీసిన హోల్టర్ బాగుంటే అది అబ్లేషన్ ఘనతో మందు ఘనతో చెప్పలేం. వాడినంతకాలం ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు చేయించండి.

ఆలస్యం చేయకూడనివి

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం: నిమిషం ఆగకుండా 108. గడ్డను కరిగించే సూదికి గడువు మొదటి లక్షణం నుంచి నాలుగున్నర గంటలే. మొదలైన సమయం రాసుకోండి, పలచబడే మందు ఆఖరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పాలి.

స్పృహ తప్పడం, బీపీ పడిపోయి ఆయాసం, ఛాతీలో బరువు: ఇవి గుండె చుట్టూ రక్తం చేరినందువల్లా కావచ్చు. మొదటి రోజుల్లో గట్టిగా గాలి పీల్చినప్పుడు పొడిచినట్టుండి, ముందుకు వంగితే తగ్గే నొప్పి గుండె పైపొర వాపుది. అదీ చెప్పాలి కానీ అంత భయం లేదు.

ఒకటి నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం వస్తే సాధారణ జ్వరమని వదిలేయొద్దు. జ్వరంతో పాటు మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, పక్షవాతం లక్షణాల్లో ఏది ఉన్నా, ఎడమ కర్ణికకీ దాని వెనకే ఉండే ఆహారవాహికకీ మధ్య రంధ్రం పడిందేమో చూడాలి. చాలా అరుదు, పల్స్‌డ్ ఫీల్డ్‌తో ఇంకా అరుదు, కానీ పడితే ప్రాణాంతకం. దీని గురించి తెలియని చోట కడుపు సమస్య అనుకుని ఎండోస్కోపీకి పంపుతారు. ఎండోస్కోపీలో ఊదే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, మెదడుకి పోతుంది. "గుండెకు అబ్లేషన్ అయింది, ఎండోస్కోపీ వద్దు, కాంట్రాస్ట్‌తో ఛాతీ సీటీ తీయండి, మా డాక్టర్‌తో మాట్లాడండి" అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికీ చెప్పి ఉంచండి.

నెలలు గడిచాక దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కళ్ళెలో రక్తం వస్తే పుపుస సిర సన్నబడిందేమో సీటీలో చూస్తారు. ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా అబ్లేషన్ సంగతి మీరే ముందు చెప్పాలి, లేకపోతే న్యుమోనియా మందులతోనే నెల గడుస్తుంది.

ఏడాది దాటాక

ఏడాదికోసారి ఈసీజీ, హోల్టర్. నాడి చూడటం వారానికోసారి చాలు. జ్వరం, విరేచనాలు, వడదెబ్బ, రాత్రి మద్యం, గురకతో చెడిన నిద్ర, వీటి మర్నాడు మాత్రం తప్పక చూడండి. ఒంట్లో నీరూ పొటాషియం తగ్గితే కర్ణిక తిరిగి చిరాకు పడుతుంది. అంతుబట్టని దడ నెలకోసారి వచ్చి ఏ పెట్టెకీ దొరకకపోతే, లేదా పక్షవాతం ముప్పు ఎక్కువున్నవాళ్ళలో పలచబడే మందు గురించి తేల్చుకోవాల్సి వస్తే, లూప్ రికార్డర్ గురించి అడగండి. మూడేళ్ళకు పైగా పనిచేసే చిన్న పుల్లలాంటి పరికరం. ఛాతీ చర్మం కింద మత్తుసూదితో పది నిమిషాల్లో పెడతారు.